మొదటిదా, రెండోదా

మే 28

పక్క మెడికల్ షాపాయన కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇది. మందుల కంపెనీ వాళ్ళది కాబట్టి ప్రతి పేజీ అడుగునా ఒక దగ్గు మందు పేరు ఉంది. ఇన్నాళ్ళూ లెన్సులు తుడిచే గుడ్డల కింద పడి ఉంది. ఇవాళ దుమ్ము దులిపి తీశాను. మాట్లాడుకోవడానికి మనిషి కావాలనిపించింది. ఇంట్లో ఉండేది ఇద్దరం, నేనూ మా అమ్మాయి బుడ్డీ. బుడ్డి గురించి బుడ్డితోనే ఎలా మాట్లాడను?

పిల్లకి రెండు కాలేజీల్లోనూ సీటొచ్చింది. రెండూ బిజినెస్ డిగ్రీయే, రెండూ సిటీల్లోనే. ఒకటి బస్సెక్కి కునుకు తీసి లేచేసరికి వచ్చే సిటీ. అదేం సిటీ అని మెడికల్ షాపాయన వెక్కిరిస్తాడు గానీ, సిటీ సిటీయే. శనివారం క్లాసులయ్యాక బయల్దేరితే దీపాలు పెట్టే వేళకి పిల్ల ఇంట్లో ఉంటుంది. రెండోది రాత్రంతా రైల్లో కూర్చుంటే గానీ రాని పెద్ద సిటీ. వాళ్ళమ్మ ఉండేది అక్కడే.

జూన్ పదిహేనులోగా ఏదో ఒకటి ఖాయం చేసుకోవాలి. నాకు ఏదైనా ఒకటే. పిల్ల ఇష్టం.

మే 29

కళ్ళద్దాల కోసం షాపుకి వచ్చినవాళ్ళనల్లా రెండు కాలేజీల గురించీ అడిగాను. నాకు ఏదైనా ఒకటే అయినా, తండ్రిగా మంచీ చెడూ కనుక్కోవాలి కదా. ఫ్రేము స్క్రూ బిగించుకోవడానికి వచ్చినాయన ఆ పెద్ద సిటీలో కొన్నాళ్ళు ఉద్యోగం చేశాడట. అక్కడి నీళ్ళకి జుట్టు ఊడిపోతుందన్నాడు. ఆయన నెత్తి మీద ఒక్క వెంట్రుక లేదు, కాబట్టి నమ్మాల్సిందే.

భోజనాల దగ్గర బుడ్డికి ఆ సంగతి చెప్పాను.

"నీళ్ళు చూసి కాలేజీ ఎంచుకుంటారా నాన్నా?"

"నీళ్ళు కూడా చూడాలి."

"సరే. నీళ్ళు" అని చిటికెన వేలు మడిచింది. "ఇంకా?"

ప్రశాంతంగా ఉండాలన్నాను. ఇంకో వేలు మడిచింది. లెక్కలు చెప్పేవాళ్ళు బాగుండాలన్నాను. ఇంకో వేలు. వారం వారం ఇంటికొచ్చి కడుపునిండా తినొచ్చన్నాను. ఆ వేలు కూడా మడిచి, చెయ్యి అలాగే పట్టుకుని కంచంలోకి చూస్తూ కూర్చుంది. నేను ఏ కాలేజీ పేరూ ఎత్తలేదు. నా మాటల్లో పక్షపాతం ఉందని ఎవరూ అనలేరు.

మే 30

ఆదివారం. పొద్దున పూటే షాపు. జనం బాగా వచ్చారు. ఆ పుణ్యం బుడ్డిది.

పోయిన వేసవి సెలవుల్లో ఒకరోజు రోడ్డుకి అవతల నిలబడి మన షాపు వైపు చాలాసేపు చూసింది. ఏమిటే అంటే, "నాన్నా, కళ్ళద్దాలు కావలసినవాళ్ళకి మన షాపు పేరు కనపడదు" అంది. నిజమే. ఇరవై ఏళ్ళుగా చీమ తలకాయంత అక్షరాలు పెట్టుకుని కూర్చున్నాను. పేరు పెద్దగా రాయించింది. గుమ్మం పక్క గోడకి బయటివైపు ఒక నిలువుటద్దం తగిలించింది. దారిన పోయేవాళ్ళు జుట్టు సర్దుకోవడానికి ఆగుతారు. జుట్టు సర్దుకున్నాక మొహం చూసుకుంటారు. మొహం మీద పాత ఫ్రేము ఉంటే ఒక్క క్షణం చిన్నబుచ్చుకుంటారు. అక్కడి నుంచి లోపలికి రెండు మెట్లే.

మెడికల్ షాపాయన అప్పటినుంచి దాన్ని మేనేజరమ్మా అని పిలుస్తాడు. తన షాపు ముందు కూడా అద్దం పెట్టమని అడిగితే, "జబ్బు మనిషికి అద్దం చూపిస్తే ఇంటికెళ్ళి పడుకుంటాడు అంకుల్, మందులు కొనడు" అందట. ఆయన ఆ మాట ఇప్పటికీ అందరికీ చెప్పి నవ్వుతాడు.

ఆ తెలివికి తగ్గ చదువు కావాలి. అది ఎక్కడైనా దొరుకుతుంది. ఎంత దూరం వెళ్ళామన్నది కాదు లెక్క.

మే 31

ఇవాళ మెడికల్ షాపాయన నా కస్టమర్ల ముందే ఆ పాత కథ ఎత్తుకుని నా పరువు తీశాడు.

"కళ్ళద్దాల షాపాయన కూతురికి సైటొచ్చి రెండేళ్ళయినా ఈయనకి తెలీదండీ" అంటాడు. ఏం చెప్పను? పిల్ల పుట్టినప్పటినుంచీ పెరిగింది ఈ షాపులోనే. వెనక గదిలో గోడకున్న అక్షరాల బోర్డు చూసే అక్షరాలు నేర్చుకుంది. ఎప్పుడు కుర్చీలో కూర్చోబెట్టి చదవమన్నా బ, ర, ప, ట, ల, న అని అడుగు వరస దాకా పొల్లు పోకుండా చదివేసేది. నేను పొంగిపోయేవాణ్ణి. చివరికి బళ్ళో టీచరు కనిపెట్టింది, నల్లబల్ల మీద రాసింది చూడకుండా పక్కపిల్ల పుస్తకంలోంచి ఎక్కించుకుంటోందని. ఆ సాయంత్రం మా బోర్డు తిప్పి వెనక అంకెల వైపు పెట్టాను. రెండో వరసే కనపడలేదు పిల్లకి. కంఠతా పట్టి చదివిందన్నమాట అన్నేళ్ళూ.

ఎందుకలా చేశావే అంటే, "చదివితే నువ్వు సంతోషపడుతున్నావుగా" అంది.

దళసరి అద్దాలొచ్చాయి, బళ్ళో సోడాబుడ్డి అన్నారు, ఇంట్లో బుడ్డి అయింది. ఎదుటివాళ్ళకి ఇష్టమైంది చెప్పడాన్ని మా ఇంట్లో బోర్డు చదవడం అనడం కూడా అప్పటినుంచే. ఎక్కువగా వాడింది వాళ్ళమ్మ, నా మీద. ఇక్కడ షాపు మూసి నీ వెనకే వచ్చేస్తాను, నువ్వు ముందు వెళ్ళి ఉద్యోగంలో చేరు అని నేనంటే, "మీరు బోర్డు చదువుతున్నారు" అనేది.

ఎవరూ ఎవరినీ వదిలెయ్యలేదు. ఎవరి ఇల్లు వాళ్ళదయిందంతే. నాలుగేళ్ళు కావస్తోంది.

జూన్ 1

దగ్గరి కాలేజీ చూసొచ్చాం. చక్కటి ఆవరణ. చెట్లు. క్లాసు జరుగుతోందో లేదో తెలియనంత నిశ్శబ్దం. ప్రిన్సిపాల్ పెద్దమనిషి, కూర్చోబెట్టి మాట్లాడాడు. "మా దగ్గర పిల్లలు నోరెత్తరండీ" అని గర్వంగా చెప్పాడు. నాకు ఎంతో నచ్చింది.

బస్సులో బుడ్డి, "బిజినెస్ చదివేవాళ్ళు నోరెత్తకపోతే సరుకెలా అమ్ముతారు నాన్నా?" అంది. నవ్వులాటకే అంది. వెనక్కొచ్చేటప్పుడు బస్సు కూడా సమయానికి వచ్చింది. అన్నీ కలిసొచ్చే చోటు అని తెలుస్తూనే ఉంది.

జూన్ 4

ఆ దూరపు కాలేజీ కూడా చూశాం. రాత్రి రైల్లో పోయి, మళ్ళీ రాత్రి రైల్లో వచ్చాం. నడుం విరిగింది.

కాలేజీ అంటే ఒక ఎత్తయిన భవనం. చెట్టు లేదు, చేమ లేదు. లిఫ్టు పనిచెయ్యడం లేదు. మెట్లెక్కి ఆఫీసుకి చేరేసరికి నా ఊపిరి నా చేతిలో లేదు. రోడ్డు మీది హారన్లన్నీ క్లాసుల్లోకే వస్తాయి. మేడమ్ ఒకావిడ నిలబెట్టే మాట్లాడి పంపించింది. మంచినీళ్ళు అడిగి తాగాను. ఆ జుట్టు ఊడేవే.

"అమ్మకి చెప్పావా వస్తున్నామని?" అని స్టేషన్‌లో అడిగింది బుడ్డి.

"పనిరోజు కదమ్మా, ఆఫీసులో ఉంటుంది" అన్నాను.

బుడ్డి రైల్లో కిటికీ పక్కన కూర్చుని అద్దాలు తీసి చేతిలో పెట్టుకుంది. అద్దాలు లేకపోతే దానికి బయటవన్నీ మసకే. ఆ మసకలోకే చూస్తూ కూర్చుంది.

జూన్ 6

ఇవాళ అడిగేశాను. పొద్దున బుడ్డి నాకు టీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నప్పుడు, కస్టమర్ని అడిగినట్టే న్యాయంగా అడిగాను. "చెప్పమ్మా. మన దగ్గరి కాలేజీయా? లేకపోతే... మరి... ఆ దూరందా?"

నా మొహంలోకి చూసింది. ఎంతోసేపు కాదు.

"దగ్గరిదే నాన్నా" అంది.

నేను ఒక్కమాట కూడా బలవంతపెట్టలేదు. తనంతట తనే అంది. బజారుకెళ్ళి దానికి మంచి చేతిసంచీ ఒకటి కొనుక్కొచ్చాను, పుస్తకాలు పట్టేది. వారం వారం వచ్చిపోవడానికి సరిగ్గా సరిపోతుంది.

జూన్ 7

నిద్ర బాగా పట్టింది. చాలా రోజులయింది ఇలా పడుకుని.

జూన్ 9

ఒక ముసలావిడ షాపుకి మళ్ళీ వచ్చింది. పోయిన వారం అద్దాలు చేయించుకున్నావిడ, పాలకేంద్రం వెనక వీధిలో ఉంటుంది. అద్దాలు తెచ్చి కౌంటరు మీద పెట్టింది.

"ఇవి పెట్టుకుంటే గడప ఎత్తుగా కనపడుతోంది బాబూ. రెండుసార్లు తూలాను."

మళ్ళీ కూర్చోబెట్టి చూశాను. కుడికంటి నంబరు తప్పు. నా చేత్తో నేను చూసిన నంబరే.

"అప్పుడు బాగుందన్నారు కదమ్మా" అన్నాను.

"నువ్వు అంత ఆశగా అడిగితేను" అంది. "ఇది బాగుంది కదూ, అన్నావు. కాదంటే చిన్నబుచ్చుకుంటావని బాగుందన్నాను."

కోపం కూడా లేదావిడకి. తప్పు తనదే అన్నట్టు మొహం పెట్టింది. లెన్సు మార్చిస్తానని చెప్పి ఆటో ఎక్కించి పంపాను.

నాకు పని నేర్పిన గురువుగారు మొట్టమొదటి రోజు చెప్పిన మాట ఒకటే. లెన్సు మార్చి మార్చి చూపించేటప్పుడు, మొదటిదా, రెండోదా అని రెండింటినీ ఒకే గొంతుతో అడగాలి. ఒక దాని దగ్గర గొంతు కాస్త సాగినా, కాస్త తగ్గినా, కుర్చీలో మనిషి బోర్డు వైపు చూడడం మానేసి నీ గొంతు వైపు చూస్తాడు, ఇక ఆ పరీక్ష దండగ అనేవారు. ఇరవై ఏళ్ళలో ఇంత పొరపాటు ఎప్పుడూ చెయ్యలేదు. ఈ మధ్య మనసు మనసులో లేదు, అందుకే అనుకుంటాను.

మధ్యాహ్నం గిరాకీ లేక కూర్చుని పైన రాసింది చదువుకున్నాను. ఆదివారం నేను బుడ్డిని ఎలా అడిగానో ఆ పేజీలో నా చేత్తోనే రాసి ఉంది. "మన" దగ్గరి కాలేజీయా. "ఆ" దూరందా. మధ్యలో మూడు చుక్కలు.

జూన్ 10

ఆడపిల్ల, వాళ్ళమ్మ ఉన్న ఊరు ఎందుకు వద్దంటోందని మెడికల్ షాపాయన బుడ్డినే అడిగాడు. సాయంత్రం నాకు టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వచ్చి కౌంటరు దగ్గర నిలబడి ఉంది అప్పుడు. నేను వెనక గదిలో ఫ్రేముకి లెన్సు ఎక్కిస్తున్నాను. నేను వింటున్నానని దానికి తెలుసు.

"అక్కడ నీళ్ళు బాగుండవు అంకుల్" అంది. "ఇక్కడైతే ప్రశాంతంగా ఉంటుంది. లెక్కలు బాగా చెప్తారు. వారం వారం ఇంటికొచ్చి కడుపునిండా తినొచ్చు."

తొంగి చూశాను. చేతి వేళ్ళు మడుస్తోంది. చిటికెన వేలి దగ్గర మొదలుపెట్టి, అదే వరస, ఒక్క పొల్లు తేడా లేదు.

బ, ర, ప, ట, ల, న.

లెన్సు అంచు విరిగింది నా చేతిలో.

ఒక సంగతి రాయలేదు నేను. ఆ దూరపు కాలేజీ కింది అంతస్తులో పిల్లలు నడిపే స్టోరు ఉంది. పుస్తకాలు, పెన్నులు, సంచులు అమ్ముతారు. రెండో ఏడాది పిల్లలే సరుకు తెస్తారు, వాళ్ళే అమ్ముతారు, నష్టమొస్తే మేడమ్ ముందు నిలబడి వాళ్ళే సంజాయిషీ చెప్పుకోవాలి. మేం వెళ్ళిన రోజు పెన్నులు ఎందుకు కదలడం లేదో తెలీక ఇద్దరు కీచులాడుకుంటున్నారు. బుడ్డి అక్కడ ఆగిపోయింది. నేను మెట్ల దగ్గర నిలబడి రెండుసార్లు పిలిచాను, వినపడలేదు దానికి. కాసేపటికి వాళ్ళతో, "పెన్నులు పైన ఉన్నాయి, బిల్లుకి నిలబడేవాళ్ళ చెయ్యి తగిలే చోట పెట్టి చూడండి" అంది. వాళ్ళు కీచులాట ఆపి దాని వైపు చూశారు. ఏ ఇయర్ అని అడిగారు. ఇంకా చేరలేదంది. చేరగానే ఇక్కడికే రమ్మన్నారు.

అప్పుడు దాని మొహం చూశాను. కొత్త అద్దాలు పెట్టుకుని మొదటిసారి బయటికెళ్ళి, ఆకులు విడివిడిగా కనపడుతున్నాయి నాన్నా అన్నప్పుడు ఎలా ఉందో అలా ఉంది. ఆ తర్వాత మళ్ళీ ఇదే చూడడం.

చూశాను. ఇంటికొచ్చి లిఫ్టు గురించి రాశాను.

జూన్ 11

నాకు ఏదైనా ఒకటే కాదు.

జూన్ 13

మధ్యాహ్నం షట్టరు సగం దించి బుడ్డిని వెనక గదిలో కుర్చీలో కూర్చోమన్నాను. కాలేజీలో చేరేముందు నంబరు చూడాలన్నాను. బోర్డు తిప్పి అంకెల వైపు పెడుతుంటే మెడికల్ షాపాయన షట్టరు కింద నుంచి వంగి చూశాడు.

"ఏంటి, బోర్డు తిప్పేస్తున్నావా? ఊరొదిలి పారిపోతావా ఏం?"

"కంటి పరీక్ష" అన్నాను.

"జాగ్రత్త, మేనేజరమ్మ అంకెలు కూడా కంఠతా పట్టి ఉంటుంది" అని పోయాడు. ఆ మాటకి బుడ్డి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

గుండ్రటి టెస్టు ఫ్రేము పెట్టి లెన్సులు మార్చి మార్చి చూశాను. నంబరు పెరగలేదు. అయిపోయిందని ఫ్రేము తియ్యబోయింది.

"ఉంచు" అన్నాను. గదిలో లైటు తీసేసి, బోర్డు దీపం ఒక్కటే ఉంచి, కుర్చీ వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. "ఇప్పుడు కాలేజీలు."

"అది అయిపోయింది కదా నాన్నా."

"ఆ పరీక్ష సరిగ్గా చెయ్యలేదు. మళ్ళీ చేస్తున్నా. బోర్డు వైపే చూడు, నా వైపు తిరక్కు."

గొంతు సర్దుకున్నాను. "మొదటిది, దగ్గరి కాలేజీ" అన్నాను. ఊపిరి పీల్చుకుని, "రెండోది, దూరపు కాలేజీ" అన్నాను. రెండూ ఒకేలా వచ్చాయి. గురువుగారు ఉంటే తప్పు పట్టేవారు కాదు.

బుడ్డి టెస్టు ఫ్రేము ముక్కు మీద సర్దుకుంది.

"ఇంకోసారి" అంది.

కస్టమర్లు కూడా అంటారు ఆ మాట. జవాబు తెలియనివాళ్ళకన్నా తెలిసినవాళ్ళే ఎక్కువ అంటారు. మళ్ళీ అడిగాను. రెండోసారి గొంతు నిలబెట్టుకోవడానికి కుర్చీ వీపు పట్టుకోవలసి వచ్చింది.

"రెండోది" అంది బుడ్డి.

"ఆ స్టోరు కోసమా?"

"స్టోరు కోసం. ఇంకా..." అని ఆగింది. "అమ్మ దగ్గర ఉండాలనుంది నాన్నా. హాస్టల్లో కాదు. అమ్మ దగ్గరే. ఎన్నాళ్ళయింది ఉండి."

దాని కాలేజీ గురించి ఇన్ని పేజీలు రాశాను గానీ, నాకు భయం కాలేజీ అంటే కాదు. ఒకసారి అక్కడ వాళ్ళమ్మ వంటింట్లో దాని కంచం దానికి ఖాయమయ్యాక, ఇక్కడికి చుట్టపుచూపుగా వస్తుంది. అదీ భయం. నన్ను చూడడానికి వస్తుంది గానీ ఇంటికి రాదు.

"సరే" అన్నాను. ఏ గొంతుతో అన్నానో నాకు తెలీదు.

"మరి నువ్వేమంటావు?"

"నేను పరీక్ష చేసేవాణ్ణి. నాకు జవాబు ఉండకూడదు."

"నాన్నవి కూడా కదా."

"అందుకే వెనక నిలబడ్డాను" అన్నాను.

"నువ్వు సరిగ్గా తినవు" అంది, బోర్డు వైపే చూస్తూ. "నేను లేకపోతే టీ తాగి పడుకుంటావు. అందుకే దగ్గరిదన్నాను."

"తింటాను."

"బోర్డు చదువుతున్నావు."

లైటు వేశాను. టెస్టు ఫ్రేము తీసి ఇచ్చింది. లెన్సులు తడిసి ఉన్నాయి. ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి పెట్టెలో వాటి వాటి చోట్ల పెట్టాను. ఇద్దరం షట్టరు దించి ఇంటికి నడిచి వచ్చాం. దారంతా బుడ్డి నా మోచెయ్యి పట్టుకునే ఉంది.

జూన్ 14

సీటు ఖాయం చేశాం. తర్వాత ఆవిడకి ఫోన్ చేశాను. నేనే చేశాను, బుడ్డి చేత చేయించలేదు.

"పిల్ల అక్కడి కాలేజీలో చేరుతుంది. నీ దగ్గర ఉంటానంటోంది. వీలవుతుందా?"

"వీలవుతుందా అని అడుగుతారా?" అంది. తర్వాత ముక్కు చీదిన చప్పుడు వినపడింది. "మీరు పంపిస్తారనుకోలేదు."

"నేనూ అనుకోలేదు."

"మీరెలా ఉన్నారు?"

"బాగున్నాను" అన్నాను. అది బోర్డు చదవడమేనని ఆవిడకి తెలుసు కాబట్టి నవ్వింది, చిన్నగా. తన కళ్ళజోడు నంబరు మారినట్టుంది, అక్షరాలు అలుక్కుపోతున్నాయి, వచ్చినప్పుడు చూపించుకుంటానంది. ఎప్పుడొస్తావని అడగలేదు నేను. అడగాల్సింది.

జూలై 11

రైలెక్కించాను. నేను కొన్న చేతిసంచీ పెద్ద ప్రయాణానికి చాల్లేదు. అయినా అందులో ఏవేవో కుక్కి భుజానికి తగిలించుకుంది. అద్దం రోజూ తుడవమంది. గుమ్మానికి ఎదురుగా బల్ల పెట్టవద్దంది. ఇంకేదో చెప్పబోతుంటే రైలు కదిలింది. చెయ్యి ఊపాను. అంత దూరం నుంచి దానికి నా మొహం కనపడదులే అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, అద్దాలు పెట్టుకునే ఉంది.

జూలై 12

ఫోన్ చేసింది. బాగున్నానని చెప్పాను.

జూలై 13

అద్దం తుడిచాను. ఎవరూ లేనప్పుడు అందులో నా మొహమే కనపడుతోంది, షాపు ముందు నిలబడ్డ కస్టమరులాగా. ఫ్రేము పాతది. మార్చాలి.

జూలై 15

ఫోన్ చేసింది. బాగున్నానని చెప్పాను. పొయ్యి వెలిగించలేదు. రెండు కంచాలూ తడి లేకుండా బోర్లించే ఉన్నాయి.

జూలై 16

మెడికల్ షాపాయన డబ్బా తెచ్చిచ్చాడు, వాళ్ళావిడ పంపిందని. ఎప్పుడూ లేనిది వేళాకోళం చెయ్యకుండా ఇచ్చి వెళ్ళిపోయాడు. దాంతో మరీ బెంగగా అనిపించింది.

జూలై 18

ఆదివారం. మధ్యాహ్నం ఇల్లు ఎంత బోసిగా ఉందంటే, పక్కింట్లో కుర్చీ జరిపినా ఇక్కడే ఎవరో లేచారేమో అనిపించింది. అప్పుడు ఫోన్ వచ్చింది.

"తిన్నావా నాన్నా?"

"తిన్నాను."

"షాపు?"

"బాగా నడుస్తోంది. అద్దం తుడుస్తున్నాను."

"నిద్ర?"

"బాగా పడుతోంది."

స్టోరులో దాన్ని చేర్చుకున్నారట, పెన్నులు కదులుతున్నాయట. వాళ్ళమ్మ పక్కన ఏదో గిన్నె దించుతున్న చప్పుడు వినపడింది. నేను అన్నింటికీ ఊఁ కొట్టాను, బాగుందమ్మా అన్నాను.

"నాన్నా" అంది. "తిన్నాను, షాపు బాగుంది, నిద్ర బాగుంది. నిన్నా ఇదే వరస. మొన్నా ఇదే."

"ఉన్నదే చెప్పాను" అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

"బోర్డు చదవకు."

ఇంకేదైనా మాట మార్చే సంగతి ఉందేమోనని గది చుట్టూ చూశాను. ఏమీ లేదు.

"సరే, నేనే అడుగుతాను" అంది. "నువ్వు నేర్పినట్టే, ఒకే గొంతుతో. మొదటిది, నేను లేకుండా ఇల్లు బాగుంది. రెండోది, బాగాలేదు."

అచ్చం గురువుగారు చెప్పినట్టే అడిగింది. ఎటూ మొగ్గలేదు గొంతు.

"ఇంకోసారి" అన్నాను.

మళ్ళీ అడిగింది, అదే గొంతుతో. రెండోసారి ఎంత కష్టమో నాకు తెలుసు.

"రెండోది" అన్నాను.

అటువైపు గిన్నెల చప్పుడు ఆగింది. ఫోన్ మాత్రం అది పెట్టలేదు, నేనూ పెట్టలేదు.